గేటుకు పలుపు ముడి

పాల షెడ్డులో నేను నిలబడే చోటుకు ఎదురుగా ఒక కిటికీ ఉంది. కిటికీ నిండా కొండ. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఆవుల పొదుగులకు పాల గొట్టాలు తగిలిస్తూ ఆ కొండ వీపే చూస్తున్నాను. దాని ముఖం ఎలా ఉంటుందో తెలియదు. నెలాఖరుకు నా పని ఒప్పందం అయిపోతుంది, ఇంటికి వెళ్లిపోతాను. కొండ మీది కనుమ రోడ్డుకేమో మంచు పడగానే గేటు దించేస్తారు. మళ్లీ ఎత్తేది ఎండలు ముదిరాకే. ఇప్పుడు చూడకపోతే ఇక చూడడమనేది లేదు.

మా అక్క మొగుడు ఆ షెడ్డులోనే మేస్త్రీ. నన్ను ఇక్కడికి తెచ్చింది ఆయనే. మోటారుసైకిలు ఆయనది, టెంటు ఆయనది. సెలవు దొరికిన రోజు పొద్దున్నే ఇంటి ముందు సామాను కడుతుంటే వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అదేం ముడిరా?"

"పలుపు ముడి."

"బండికి పలుపేంట్రా? అదేమన్నా గడ్డి మేస్తుందా? ఇదిగో, కొక్కేల రబ్బరు తాళ్లు. లాగి తగిలించెయ్."

"ఆ రబ్బరును నమ్మి కోడెను కడతావా బావా?"

"నేను కోడెను కట్టమనలేదు బామ్మర్దీ, టెంటు కట్టమన్నా."

అక్క గుమ్మంలోంచి, "మా తమ్ముడు కట్టాక ఊడిన ఆవును చూపించు ముందు, తర్వాత మాట్లాడుదువుగాని," అంది. బావ రబ్బరు తాళ్లను సీటు కింది పెట్టెలో పడేశాడు.

మొదటి రోజు బాగానే గడిచింది. బాగా అంటే, వాన తప్ప. ఏటి పక్కన టెంటు వేసుకుని, రొట్టె తిని, వాన చప్పుడు వింటూ పడుకున్నాను. పొద్దున చూస్తే మబ్బు కొండ నడుము దాకా దిగి ఉంది. తడిసిన టెంటును అలాగే చుట్టి, తడిసిన తాడుతోనే వెనక సీటుకు బిగించి బయలుదేరాను. దారి మొదట్లో బోర్డు పెట్టారు: మంచు వస్తోంది, కనుమ ఈ రోజే మూస్తాం, ఏ గంటకైనా మూయవచ్చు.

మలుపు మీద మలుపు. కింద పచ్చిక పోయి గులకరాళ్లు వచ్చాయి, చెట్లు పొట్టివై, పొదలై, ఆఖరికి అవీ లేకుండా పోయాయి. రాతి సందుల్లోంచి నీళ్లు దారాల్లా జారుతున్నాయి. ఎవరికైనా చూపించాలనిపించే చోటు. పక్కన ఎవరూ లేరు. అందుకూ బాధ లేదు, ఒంటరిగా రావాలనే కదా వచ్చాను. రోడ్డు మాత్రం గతుకులు. ఒక్కో గుంటకు నా దవడలు టకటకమన్నాయి.

కనుమ ఇంక రెండు మూడు కొండచరియల పైన ఉందనగా మంచినీళ్లకని బండి ఆపి వెనక్కి చెయ్యి పెట్టాను. టెంటు లేదు. తాడు ఒక కొసన వేలాడుతూ చక్రం పక్కన నేల నాకుతోంది.

అప్పుడు అర్థమైంది. పలుపు ముడి బిగిసేది పశువు లాగుతుంది గనక. ఆవు ఎంత గుంజితే ముడి అంత బిగుస్తుంది. టెంటు దేన్ని గుంజుతుంది? దానికి మేతా లేదు, దూడా లేదు. బుద్ధిగా కూర్చుని కుదుపుకు కొంచెం, కుదుపుకు కొంచెం ముడిని వదులు చేసుకుంటూ దిగిపోయింది. నా తెలివికి నాకే చెంప మీద కొట్టుకోవాలనిపించింది. చేతికి గ్లౌజు ఉంది, కొట్టినా తగలదు.

టెంటు లేకుండా ఆ చలిలో ఎక్కడ పడుకోవడం? బండి తిప్పాను. రోడ్డు అంచులూ, కాలువలూ, రాళ్ల సందులూ చూసుకుంటూ కాళ్లు ఈడుస్తూ దిగాను. పాత చెప్పు దొరికింది, ఎవరిదో టోపీ దొరికింది. టెంటు లేదు. ఏటి దాకా దిగిపోయాను. పోతే పోయిందిలే, గేటు దాటాక అవతల ఎవరి కొట్టంలోనైనా తలదాచుకుందామని మళ్లీ పైకి తిప్పాను. సగం దూరంలో, మలుపు ఉందని చెప్పే బోర్డుకు, నా తల కన్నా ఎత్తున, నా టెంటు తగిలించి ఉంది. ఏ పుణ్యాత్ముడో అందరికీ కనబడాలని అంత ఎత్తున పెట్టాడు. దిగేటప్పుడు నేను చూసింది నేలను. పడిన వస్తువును నేల మీద గాక ఆకాశంలో ఎవడు వెతుకుతాడు? ఆ మంచివాణ్ని నోరారా తిట్టి, మూటను ఒళ్లో పెట్టుకుని బండిని మళ్లీ పైకి పోనిచ్చాను.

సాయంత్రానికి పైకి చేరేసరికి గేటు దించి ఉంది. గేటాయన తాళం వేసి గొలుసు ఊపి చూస్తున్నాడు. ఇన్నాళ్లలో ఈ దేశపు మాట కొంత పట్టుబడింది గనక అడిగాను.

"ఎప్పుడు దించారు?"

"ఇప్పుడే. తాళం ఇంకా వెచ్చగానే ఉంది."

"ఒక్క బండి. కొంచెం ఎత్తండి."

"గేటు ఎత్తితే నన్ను దించేస్తారు నాయనా."

"పోనీ నడిచి వెళ్లి ఒక్కసారి చూసి వస్తాను."

"నువ్వు చూసి వస్తావు. రాకపోతే నిన్ను చూడ్డానికి నేను పోవాలి. నా మోకాళ్లు ఒప్పుకోవు."

"ఇక్కణ్నుంచి అవతలి వైపు కనబడదా?"

"ఇంకా రెండు మలుపులు తిరగాలి."

"ఇంతకీ ఏముంటుంది అవతల?"

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "కొండే. కింద పాల షెడ్లు."

ఆ మాట చెప్పకుండా ఉన్నా బాగుండేది.

మంచు నూకల్లా రాలడం మొదలైంది. తన గది పక్కన టెంటు వేసుకోమన్నాడు. నేల అంతా రాయి, మేకు దిగదు. గాలి గుడ్డను ఎగరేసుకుపోతోంది. ఇక దేనికి కట్టను? గేటుకే కట్టాను. చేతులకు అలవాటైన ముడే పడింది. గాలి లాగింది, ముడి బిగిసింది. టెంటు కదల్లేదు.

తెల్లారి లేచి కొస పట్టుకుని లాగాను. ఒక్క గుంజుకు విడిపోవాల్సిన ముడి రాయిలా ఉంది. తడి తాడు గడ్డకట్టింది. పళ్లతో లాగాను. బండి తాళంతో పొడిచాను. ఊపిరి ఊది వెచ్చబెట్టాను. గేటాయన టీ గ్లాసుతో బయటికి వచ్చి చూశాడు.

"గేటును ఇంటికి తోలుకెళ్తున్నావా? పాలివ్వదు, చెబుతున్నా."

నాకు నవ్వు రాలేదు. ఆయన గ్లాసులోని టీ ముడి మీద పోశాడు. అయినా రాలేదు. కత్తి తెచ్చిచ్చాడు. తాడు కోశాను. ముడి గేటుకే ఉండిపోయింది.

అప్పుడే బావ ఫోను.

"ఏరా, చూశావా ముఖం?"

"గేటు చూశా."

"ఏం, మూసేశారా? నిన్న సాయంత్రం దాకా తెరిచే ఉందిగా?"

"టెంటు పడిపోయింది."

 అటువైపు బావ అక్కతో అంటున్నాడు: "ఇదిగో, ఊడిన ఆవును చూపించమన్నావు కదా!"

ఫోను పెట్టేశాను. సీటు కింది పెట్టె తెరిచి రబ్బరు తాళ్లు తీసి, లాగి, కొక్కేలు తగిలించాను. షెడ్డు దాకా అవే గుంటలు, అవే కుదుపులు. ప్రతి మలుపులోనూ వెనక్కి చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాను. టెంటు వేలెడంత కూడా జరగలేదు. దానికీ నాకు ఒళ్లు మండింది.