నిన్నటి రోగులు

నిన్నటి రోగులు ఇంకా వెళ్ళలేదు. తెర మీద ఒకరి వెనుక ఒకరు నిలబడి ఉన్నారు. మూత్రపిండంలో రాయి ఉన్న బడి కాపలాదారు, గర్భసంచిలో గడ్డలున్న టీచరు, ఏ లోపమూ లేని బ్యాంకు ఉద్యోగిని, వాళ్ళ వెనుక ఇంకా కొందరు. టైపమ్మ పై నుంచి ఒక్కొక్కరినే మూసేస్తూ వచ్చింది. మూసిన ప్రతిసారీ కింద మరొక పేజీ, అదే శీర్షిక, అదే వరస: కాలేయం, పిత్తాశయం, మూత్రపిండాలు.

ఆదివారంనాడు మెకానిక్కు వచ్చి కంప్యూటరుకు కొత్త సిస్టమ్ ఎక్కించి వెళ్ళినప్పటినుంచీ ఈ తతంగం. అంతకు ముందు పని ముగిశాక ఏ పేజీనీ మూయకుండా మీట నొక్కి ఇంటికి వెళ్ళిపోయేది. తెల్లవారేసరికి యంత్రం అంతా మరిచిపోయి, తుడిచిన పలకలా ఎదురుచూస్తూ ఉండేది. ఇప్పుడు వదిలిపెట్టిన వాళ్ళందరినీ పొద్దున్నే లేపి కూర్చోబెడుతోంది. ఇదేమిటని ఫోనులో అడిగితే మెకానిక్కు నవ్వాడు. "అది జబ్బు కాదమ్మా, సదుపాయం. మీరు ఎక్కడ ఆపారో అక్కడినుంచే మొదలుపెట్టుకోవచ్చు." ఆ సదుపాయం తనకు వద్దని ఆమె అన్నది. వీలు చూసుకుని వస్తానన్నాడు. మేనేజరుకు చెబితే, "మూసుకోండి టైపమ్మా, ఎన్నని ఉంటాయి?" అన్నాడు.

స్కాన్ సెంటరులో ఆమెను అసలు పేరుతో పిలిచేవారు లేరు. టైపు మిషను మీద మొదలుపెట్టిన మనిషి గనుక టైపమ్మ. మిషను పోయింది, పిలుపు మిగిలింది. గోడకు ఆవల డాక్టరు చెబుతాడు, ఈవల ఆమె కొడుతుంది. ఎవరి కడుపులో ఏముందో కొట్టిన మరుక్షణం మరిచిపోవడం ఆమె నేర్చుకున్న విద్య. అది రాకపోతే ఆ వీధుల్లో తలెత్తుకుని నడవలేదు. కూరగాయలు తూచే మనిషి చేతుల వంక కాక పొట్ట వంక చూడవలసి వస్తుంది.

ఆమెకంటూ ఉన్నది అత్తగారు ఒక్కతే. ఇద్దరినీ కలిపిన మనిషి పోయి చాలా కాలమైంది. అయినా వాళ్ళు విడిపోలేదు. అద్దె ఇల్లు ఒక్కటే కావడం ఒక కారణం. మిగతా కారణాల గురించి వాళ్ళెన్నడూ మాట్లాడుకోలేదు. ఆ పొద్దున కూడా ముసలామె గుమ్మంలో కూర్చుని సాగనంపింది.

"ఊళ్ళోవాళ్ళ కడుపుల్లో ఏముందో మా కోడలికి అంతా తెలుసు. నా కడుపులో ఆకలి ఒక్కటే తెలీదు."

"ఇప్పుడే కదత్తయ్యా తిన్నారు?"

"తిన్నాను. మధ్యాహ్నం సంగతి చెబుతున్నాను."

మొదటి రోగి ఒక వడ్రంగి. పరగడుపున రమ్మంటే వచ్చి, బల్ల అంచును వేలితో తడుముతూ నిలుచున్నాడు. అంచు నున్నగా లేదని అతని మొహమే చెబుతోంది. లోపలికి వెళ్ళాడు, కాసేపటికి బయటికి వచ్చాడు. గోడ అవతలి నుంచి ఒకే మాట వినబడింది: "నార్మల్."

నార్మల్ అంటే ఆమె చేయవలసింది తక్కువ. ఏ లోపమూ లేని మనిషి రిపోర్టు ఒకటి అచ్చులా సిద్ధంగా ఉంటుంది. దాన్ని తెరిచి, పేరూ వయసూ మార్చి, తీసి ఇవ్వడమే. స్కాన్ సెంటర్లలో టైపు చేసేవాళ్ళందరూ చేసేది అదే. ఆరోగ్యవంతులందరికీ లోపల ఒకే రాత. ఆ రోజూ అచ్చు తెరిచింది. దాని వెనుక ఇంకా మూయని నిన్నటి పేజీ ఒకటి ఉండిపోయింది. కౌంటరమ్మాయి వచ్చి ఏదో అడిగింది. ఆమె తల తిప్పి జవాబు చెప్పింది. చేయి ఎక్కడో నొక్కింది. తిరిగి చూసేసరికి వెనుకది ముందుకు వచ్చింది. శీర్షిక అదే, వరస అదే. పేరు మార్చింది, వయసు మార్చింది, కాగితం తీసింది.

డాక్టరు ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని సంతకం పెట్టాడు. కాగితంలో సంతకం పెట్టవలసిన చోటు ఆయనకు ఎప్పుడూ కనపడుతుంది. దాని పైనున్నది కనపడవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.

భోజనాల వేళ దాటాక, పొద్దున వాడిన పేజీనే అచ్చు అనుకుని మళ్ళీ తెరిచి, మరొకరి కాలేయం కొలత మార్చబోయి ఆమె ఆగిపోయింది. ఒక వాక్యం ఉండవలసిన చోట రెండున్నాయి. కాలేయం కుడి భాగంలో గడ్డ. క్యాన్సర్ కావచ్చు, వెంటనే తదుపరి పరీక్షలు అవసరం. పేజీ పైన వడ్రంగి పేరు ఉంది.

ఆమె వెళ్ళి కౌంటరమ్మాయిని అడిగింది. "పొద్దున మొదట వచ్చినాయన రిపోర్టు పట్టుకెళ్ళాడా?"

"ఎప్పుడో! కాగితం చేతికిస్తే దణ్ణం కూడా పెట్టాడు. ఏమైంది పిన్నీ?"

ఫోను మోగింది. ఎవరూ తీయలేదు. మళ్ళీ మోగింది.

ఆమె లోపలికి వెళ్ళి జరిగింది చెబితే, డాక్టరు విని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "స్కానుకు రాసి పంపిన డాక్టరుకు అనుమానం వస్తే మళ్ళీ మన దగ్గరికే పంపిస్తాడు. మళ్ళీ చూద్దాం. అప్పుడు ఏమీ లేదంటే ఆయనే సంతోషిస్తాడు." ఈ ఏర్పాటులో ఆయనకు దయ కూడా కనిపించినట్టుంది.

మేనేజరుకు దయ గురించిన పట్టింపు లేదు. "మనమే ఫోన్ చేసి తప్పు మాదే అంటే ఇంకేమన్నా ఉందా? రేపు ప్రతివాడూ కాగితం పట్టుకుని వస్తాడు. నోరు మెదపకండి."

"ఒక రాత్రి మధ్యలో ఉందండీ. ఆయన ఎలా పడుకుంటాడు?"

"మీరు సీట్లో కూర్చోండి."

ఆమె వెళ్ళి కూర్చుంది. భర్త పోయిన కబురు వచ్చినప్పుడు కూడా చేతిలో ఉన్న పేజీ పూర్తి చేసి గానీ ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు. అప్పుడు అందరూ ఆమె నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోదగిన విషయమేనా అని తరువాతెప్పుడో ఆమెకు అనుమానం వచ్చింది గానీ అడగడానికి ఎవరూ లేరు. ఇప్పుడు వడ్రంగి రిపోర్టు కొత్తగా తీసి, మిగతా కాగితాలతో కలిపి సంతకానికి పంపింది. అది ఏ కాగితమో చూడకుండా డాక్టరు దీని మీదా సంతకం పెట్టాడు. ఆ కాగితం తీసుకుని, తెర మీది వాక్యాన్ని సగంలో వదిలేసి ఆమె బయటికి నడిచింది.

కౌంటరు పుస్తకంలో రాసి ఉన్నట్టే వడ్రంగి ఇల్లు కలప అడితీ వెనుక సందులో ఉంది. వాకిట్లో అతని భార్య చెక్కపొట్టు ఊడుస్తోంది. అతను లోపల, సగం చేసిన తలుపుకు ఎదురుగా, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"స్కాన్ సెంటర్ నుంచి వచ్చానమ్మా. టైపు చేసేదాన్ని."

"మీరేం చెప్పారో ఏమో! పొద్దున వచ్చిన మనిషి నోరు తెరవలేదు. ఏమైందయ్యా అంటే ఏం లేదంటాడు. ఏం లేని మొహమేనా అది?"

టైపమ్మ అతని ముందుకు వెళ్ళి కాగితం చాపింది. "మీకేం లేదండీ. వేరేవాళ్ళ కాగితంలోది మీ దాంట్లో ఉండిపోయింది. తప్పు నాది."

అతను కాగితం అందుకోలేదు. "మందుల షాపాయనతో చదివించాను. లివరని చెప్పాడు."

"లివరు బాగుంది. అన్నీ బాగున్నాయి. డాక్టరుగారు పొద్దున నార్మల్ అనే చెప్పారు. నేనే సరిగ్గా చూడలేదు."

అతను భార్య వైపు తిరిగి, దొంగతనం ఒప్పుకుంటున్న వాడిలా అన్నాడు. "ఉలులన్నీ మీ తమ్ముడికి ఇచ్చేశానే."

"మా తమ్ముడికా! మేకు తిన్నగా కొట్టడం రానివాడికి మీ నాన్న చేతి ఉలులు ఇచ్చావా? వాడు మళ్ళీ ఇస్తాడనుకున్నావా?" అంటూనే ఆమె ఆగింది. చీపురు చేతిలోంచి జారింది. "ఎందుకిచ్చావు?"

అతను చేయి చాచి సగం చేసిన తలుపు అంచును తడిమాడు. భార్యకు అర్థమయ్యాక ఆమె అతనితో ఏమీ అనకుండా టైపమ్మ మీదికి తిరిగింది.

"తప్పు నాదంటే అయిపోయిందా అమ్మా? ఈ పూట ఈయన ఏమన్నా చేసుకుని ఉంటే? అప్పుడు ఎవరికి తెచ్చిచ్చేదానివి ఈ కాగితం?"

"అయిపోదమ్మా" అన్నది టైపమ్మ. తిట్లు పూర్తయ్యేదాకా నిలబడింది. ఎంత కోపంలో ఉన్నా ఆ ఇల్లాలు పాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, కొత్తదాన్ని మడవకుండా పెట్టెలో దాచింది.

వెళ్ళబోతుంటే వడ్రంగి వెనక నుంచి పిలిచాడు. "అమ్మా, మరి అది ఎవరిది?"

"వేరే ఆయనది."

"ఆయనకి తెలుసా?"

నిన్న పొద్దున మొదటగా వచ్చిన మనిషి ఆమెకు గుర్తుకు వచ్చాడు. మొహంతో సహా, చొక్కా రంగుతో సహా. మరిచిపోవడం ఆ ఒక్క విషయంలో చేతకాలేదు.

"తెలుసు" అన్నది.

"పాపం" అన్నాడు వడ్రంగి, తన కడుపు మీద చేయి వేసుకుని.

ఆమె తిరిగి వచ్చేసరికి మేనేజరు ఆమె కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. పనివేళలో చెప్పకుండా సీటు వదలడం, సెంటరు పరువును రోగి ఇంటిదాకా మోసుకెళ్ళి పారేయడం అనే రెండు నేరాలు వినిపించాడు. తప్పుడు రిపోర్టు ఆ రెండింటిలోనూ లేదు. డాక్టరు సంతకం ప్రసక్తి అసలు రాలేదు. గోడ అవతల ఆయన మరొకరిని ఊపిరి బిగపట్టమంటున్నాడు.

"రేపటినుంచి రానక్కర్లేదు టైపమ్మా. ఏమనుకోకండి" అన్నాడు మేనేజరు.

"మధ్యలో వదిలిన పేజీ ఉంది. పూర్తి చేసి వెళతాను."

ఆయన ఇందుకు అభ్యంతరం చెప్పలేదు. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారన్న సంగతి కూడా గుర్తు చేశాడు. ఆమె ఆ నలుగురివీ కొట్టింది. ప్రతిదాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి ఇచ్చింది. అలా చదవడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు అప్పుడే తెలిసింది. చదవనిచ్చేంత సమయం ఆ ఉద్యోగంలో ఎన్నడూ లేదని కూడా.

చీకటి పడకముందే మెకానిక్కు వచ్చాడు. ఇన్నాళ్ళుగా లేని వీలు ఆ సాయంత్రం అతనికి చిక్కింది. సెట్టింగుల్లోకి వెళ్ళి, యంత్రాన్ని తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలన్నీ మళ్ళీ తెరవమన్న వాక్యం వెతికి, దాని ముందున్న టిక్కు గుర్తు తీసేశాడు. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేశాడు. తెర ఖాళీగా వచ్చింది.

"ఇంతేనా?" అన్నది టైపమ్మ.

"ఇంతేనమ్మా. ముందే గట్టిగా అడిగి ఉంటే వచ్చేవాణ్ణి కదా!"

ఆమె సంచి తీసుకుంది. కౌంటరమ్మాయి లేచి నిలబడింది గానీ మేనేజరు చూస్తున్నాడని మళ్ళీ కూర్చుంది. "జాగ్రత్త పిన్నీ" అన్న మాట మాత్రం పెదవుల మీద కదిలింది.

మర్నాడు కొత్త టైపిస్టు వచ్చింది. గోడ అవతలి నుంచి "నార్మల్" అని వినబడగానే, ఎవరూ చెప్పకుండానే అచ్చు తెరిచి పేరు మార్చింది. కీబోర్డు ముందు, మణికట్లు ఆన్చుకోవడానికి టైపమ్మ పాత చీర ముక్కతో కుట్టుకున్న చిన్న దిండు ఒకటి ఉంది. ఒక మూల కుట్టు ఊడితే వేరే రంగు దారంతో మళ్ళీ వేసి ఉంది, దూది రెండు చోట్ల అణిగిపోయి ఉంది.