లేచినందుకు శాలువా

కదిరి బస్టాండులో దిగేసరికి మూడుకు పది నిమిషాలుంది. కబడ్డీ ఫైనల్ నాలుగింటికి. ఈలోపు సిమ్రాన్ మ్యాట్ ఎక్కకుండా ఆపాలి. జయంతి కంబదూరు నుంచి మూడు బస్సులు మారి వచ్చింది అందుకే.

ఎండ తెల్లగా కాస్తోంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నా కళ్లలో సూదులు గుచ్చుతున్నట్టే ఉంది. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా ఆ మోత కపాలంలోంచి దూరి వెన్నులోకి దిగుతోంది.

"రేయ్, హీరోయిన్ దిగినాది సూడ్రా!" బంకు దగ్గర ఎవడో అన్నాడు. ఇంకొకడు ఈల వేశాడు.

ఎనిమిది నెలలుగా వింటున్న మాటే. ఊళ్లో అయితే ఇంకా ఘోరం. చెనిక్కాయ చేలోకి అద్దాలు పెట్టుకుని పోతే, "ఏమ్మే, షూటింగా?" అని నవ్వేవాళ్లు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే పొగరన్నారు. పగలు తలుపు మూసుకుని పడుకుంటే సోమరిదన్నారు. కాలు విరిగి ఉంటే ఇంటికొచ్చి బాగోగులు అడిగేవాళ్లు. తల లోపలి దెబ్బకు కట్టు ఉండదు కదా.

"వాళ్ల నోళ్లు పడిపోను. నువ్వు నడువు పాపా," అన్నాడు నాయన ఆంజినప్ప, చేతిలోని గుడ్డసంచి భుజానికి మార్చుకుంటూ.

ఆ సంచిలో మూడు శాలువాలున్నాయి.

నిన్న సాయంత్రం జయంతి చీకటి గదిలో నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది. బయట అరుగు మీద ఆంజినప్ప ఫోన్లో కదిరి కబడ్డీ సెమీఫైనల్ చూస్తున్నాడు. గుత్తి నుంచి కదిరి దాకా ఏ టోర్నమెంటు జరిగినా మైకు పట్టేది తిప్పయ్యే. ఫోన్లోంచి ఆయన గొంతు వినపడింది.

"గోరంట్ల సివంగి సిమ్రాన్ పడినాది! మోకాలు తలకు తగిలినాది! కదలడం ల్యా... కదిలినాది... లేస్తాండాది... లేచినాదప్పా! లేచిన బిడ్డకు శాలువా!"

డప్పులు, ఈలలు, కేకలు. జయంతి దిగ్గున లేచి కూర్చుంది.

ఈ ప్రాంతపు టోర్నమెంట్లలో అదొక మర్యాద. దెబ్బ తగిలి పడిన ఆటగత్తె తనంతట తాను లేచి నిలబడితే, ఊరి పెద్ద ఎవరో ఒకరు మ్యాట్ దగ్గరికొచ్చి శాలువా కప్పుతారు. లేవలేక మోయించుకుని పోయినదానికి శాలువా లేదు. అందుకే అందరూ లేస్తారు. కళ్లు బైర్లు కమ్ముతున్నా, కాళ్లు తేలిపోతున్నా లేస్తారు.

సిమ్రాన్‌కు పదిహేడేళ్లు. జయంతి ఆడిన లెఫ్ట్ కార్నర్ స్థానంలోనే ఇప్పుడు ఆడుతోంది. కూతకొచ్చిన రైడర్ కాలు పట్టుకోవడం జయంతే నేర్పింది. ఆ డైవ్‌లోనే తల ముందుకు వెళుతుంది. రైడర్ మోకాలు సరిగ్గా అక్కడికే వస్తుంది.

వెంటనే కోచ్ హనుమంతరాయుడికి ఫోన్ చేసింది.

"సార్, సిమ్రాన్‌ను రేపు ఆడించొద్దు. డాక్టరుకు చూపించండి."

"రేపు పెద్ద టీము సెలెక్టర్లు వస్తాండారు. బంగారం మాదిరి ఆడతాండాది ఆ బిడ్డ. నీకు కడుపుమంటనా?"

"నాకు తగిలినట్టే తగిలింది సార్ దానికి."

"నీకు ఎన్ని తూర్లు తగిలినాది? ఒగ తూరి. ఒగ తూరికే ఎనిమిది నెలలు నాటకమాడతాండావు. స్కాన్ బాగుండాదంటనే? బాగుండేదాన్ని పట్టుకోని రోగమంటే ఎవురు నమ్ముతారు?"

ఆ మాటకు జయంతి ఫోన్ పెట్టేసింది. ఎందుకంటే ఆమెకూ ఒక్కసారే గుర్తుంది. కళ్యాణదుర్గంలో పడింది, అది గుర్తుంది. ఆ తరువాతి నెల రోజులు ఎవరో తుడిచేసినట్టు ఉన్నాయి. అనంతపురంలో నరాల డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న కూడా అదే. "ఎన్నిసార్లు తగిలింది? ఇలాంటివి స్కాన్‌లో కనపడకపోవచ్చు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే అదే పెద్ద ప్రమాదం." జయంతి ఒక్కసారేనని చెప్పింది. రాయుడు ఇచ్చిన ఉత్తరంలోనూ అలాగే ఉంది: ప్రాక్టీసులో ఒకసారి స్వల్పంగా తగిలింది. డాక్టరమ్మ, "ఒక్క దెబ్బకు ఈ బాధ ఇన్నాళ్లు ఉండటం అరుదు," అని కాగితం మీద రాసింది. ఆ కాగితం చూపించే రాయుడు క్రమశిక్షణ లేదని ఆమెను జట్టులోంచి తీసేశాడు.

ఆ ఫోన్ మాటలు విన్న ఆంజినప్ప అరుగు మీది నుంచి లేచి లోపలికొచ్చి, ట్రంకుపెట్టె తెరిచాడు. అడుగునుంచి మూడు శాలువాలు తీసి మంచం మీద పరిచాడు.

ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా దాని మూల మీద మార్కరుతో ఊరు, తేదీ రాయడం ఆయన అలవాటు. పెళ్లిళ్లకు ఇచ్చిన బిందెలు, మందుకొట్టే డబ్బాలు ఊళ్లో మారిపోతాయని మొదలైంది. శాలువాలనూ వదల్లేదు.

కళ్యాణదుర్గం, జనవరి 4. ధర్మవరం, జనవరి 15. గుత్తి, ఫిబ్రవరి 2.

మూడు దెబ్బలు. ఇరవై తొమ్మిది రోజుల్లో.

"రాసేటప్పుడు మీసం తిప్పినా పాపా," అన్నాడు ఆంజినప్ప. ఒక్కో మూల మీదా వేలు పెట్టాడు. "నా బిడ్డ పడినా లేస్తాదని. ఇవి దెబ్బల లెక్కని తోచల్యా."

చెనిక్కాయ పెరికే పని సగంలో ఆపి, పొద్దెక్కేసరికి కూతురితో బస్సెక్కాడు.

గ్రౌండు చేరేసరికి మూడున్నర. షామియానా, రంగుల కాగితాలు, రెండు నిలువెత్తు స్పీకర్లు. జనం చేతుల్లో పుల్ల ఐసులు. జయంతి చెవుల్లో దూది కుక్కుకుని జట్టు కూర్చున్న చోటికి నడిచింది.

సిమ్రాన్ మోకాళ్లకు పట్టీలు కట్టుకుంటోంది. చూడగానే ముఖం వెలిగింది.

"అక్కా! నువ్వెప్పుడొచ్చినావ్?"

"ఇప్పుడే పాపా. తల ఎట్లుండాది?"

"బాగుండాదక్కా. కొంచెం బరువు, అంతే." పట్టీ కట్టి తలెత్తింది. "అక్కా, నువ్వెప్పుడొచ్చినావ్?"

జయంతి చప్పున పక్కకు తిరిగింది.

పక్కనే సిమ్రాన్ తల్లి షాజాదీ ఉంది. గోరంట్లలో మిషన్ కుట్టి బిడ్డను ఇంతదాకా తెచ్చిన మనిషి. నిన్నటి శాలువా ఎండలో కూడా భుజం మీదే ఉంచుకుంది.

"షాజాదక్కా, ఈ పొద్దు దీన్ని ఆడనీయొద్దు. అడిగిందే అడుగుతాండాది సూడు."

"పరధ్యానంలే జయంతీ. రాత్రంతా నిద్ర పోలా, సెలెక్టర్లని." షాజాదీ నవ్వింది, కానీ చూపు కూతురి మీదికి జారింది. "రాయుడు సార్ తలకు జండూ బామ్ రాసి, మేకపాలు తాపినాడు. సార్‌కు తెలీదా?"

"నాకూ అదే రాసినాడక్కా."

హనుమంతరాయుడు చరచరా వచ్చాడు. మెడలో విజిల్, చేతిలో పేర్ల కాగితం.

"ఏమప్పా ఆంజినప్పా, కూతుర్ని ఇంట్లో పెట్టుకోలేవా? నీ కూతురి బతుకు ఎట్లా పాయె. ఈ బిడ్డ నోట్లో మన్ను కొట్టనీకి వచ్చినారా?"

"నా కూతురి బతుకు పాయెనంటాండావే, పోగొట్టింది ఎవురు సార్?" ఆంజినప్ప సంచి తెరవబోయాడు.

"మీరు అవతలికి పొండి. లేకుంటే వాలంటీర్లను పిలుస్తా." సిమ్రాన్ వైపు తిరిగాడు. "లే! వార్మప్."

ఆ అమ్మాయి లేచింది. లేస్తూ ఒక్క క్షణం కుర్చీ పట్టుకుంది. రాయుడు చూశాడు. చూసి కూడా ముఖం తిప్పుకున్నాడు.

అది చూశాక జయంతికి తల నొప్పి కూడా గుర్తులేదు. ఈ మనిషికి తెలియక కాదు. కళ్యాణదుర్గంలో తను పడినప్పుడూ ఇలాగే చూశాడు, ఇలాగే ముఖం తిప్పుకున్నాడు.

నాలుగు కొట్టింది. రెండు జట్లూ మ్యాట్ మీద వరుసగా నిలబడ్డాయి. డప్పులు మొదలయ్యాయి. జయంతి నాయన చేతిలోంచి సంచి లాక్కుని షామియానా కిందికి నడిచింది. తిప్పయ్య బల్ల స్పీకరుకు ఆనుకుని ఉంది. ఒక్కో డప్పు దెబ్బకు కళ్ల ముందు నేల ఒక పక్కకు ఒరుగుతోంది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"తిప్పయ్యన్నా, నన్ను గుర్తుపట్టినావా?"

"నిన్నెట్ల మరుస్తా పాపా! కంబదూరు కొడవలి! ఆ పేరు పెట్టింది నేనే కదా."

ఆమె సంచి బోర్లించింది. మూడు శాలువాలు బల్ల మీద పడ్డాయి. "వీటికి మైకులో పిలిచింది ఎవురన్నా?"

తిప్పయ్య కళ్లజోడు సవరించుకుని మూలలు చదివాడు. ఏ మ్యాచ్‌లో ఎవరికెన్ని పాయింట్లో ఇరవై ఏళ్ల తరువాత కూడా చెప్పగల మనిషి. ఆయన నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"కళ్యాణదుర్గంలో నేనే పిలిచినా. ధర్మవరంలో నువ్వు లేచి మీ టీము పక్కకు కాకుండా అవతలి పక్కకు పోయి నిలబడినావు. నవ్వినాం అందరం. గుత్తిలో..." ఆగాడు. "గుత్తిలో రెండు తూర్లు పడినావు పాపా. శాలువా ఒగదానికే ఇచ్చినారు."

రెండు సార్లు. అంటే నాలుగు. జయంతికి ఆ నాలుగోది ఇప్పుడే తెలిసింది.

"ఇది మైకులో చెప్పన్నా."

తిప్పయ్య ఒకసారి రాయుడి వైపు, ఒకసారి ఆమె నల్లద్దాల వైపు చూశాడు. ముందు స్పీకరు సౌండు తగ్గించాడు. డప్పులవాళ్లకు చెయ్యెత్తి ఆపాడు. రాగం లేని గొంతుతో, తేదీలతో సహా అంతా చెప్పాడు. చివరికి, "నాలుగు దెబ్బలను నేను నాలుగు పండగలు చేసినా. ఈ బిడ్డ ఎనిమిది నెలలుగా ఎండ సూడలేకుండా ఉండాది," అన్నాడు.

"మైకు పీకండ్రా!" రాయుడు మ్యాట్ అంచున అరుస్తున్నాడు. "పిచ్చిదాని మాటలకు మ్యాచ్ ఆపుతారా?"

జయంతి మైకు అందుకుంది. తన గొంతే తన తలను మోదుతోంది. ఓర్చుకుంది.

"సిమ్రాన్, ఒగటే అడుగుతా. నిన్న సెమీస్‌లో ఎవురి మీద ఆడినారు?"

జనం నవ్వారు. ఇదేం ప్రశ్న? మ్యాట్ మీద సిమ్రాన్ కూడా నవ్వింది.

"నిన్న యాడ ఆడినామక్కా? సెమీస్ ఈ పొద్దు కదా!"

నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. ఐసు బండివాడి గంట ఒక్కటే రెండుసార్లు మోగి ఊరుకుంది.

షాజాదీ లేచింది. చెప్పులతోనే మ్యాట్ మీదికి నడిచింది. కబడ్డీ మ్యాట్ మీద చెప్పు పెట్టడమంటే ఆటగాళ్లకు పూజగదిలో పెట్టినట్టే.

"ఏయ్! మ్యాట్ మీద చెప్పులేంది?" రాయుడు అడ్డం వచ్చాడు.

"చెప్పులు కనపడతాండాయా సార్ నీకు?" షాజాదీ గొంతు మైకు లేకుండానే గ్రౌండంతా వినపడింది. "నా బిడ్డ నిన్నటిని మరిచిపోయినాది, అది కనపల్యా? చెప్పులు కనపడతాండాయి!"

భుజం మీది శాలువా తీసి అతని కాళ్ల దగ్గర పడేసింది. కూతురి చెయ్యి పట్టుకుంది. రాయుడు రెఫరీ వైపు చూశాడు. రెఫరీ అతని వైపు చూడలేదు. విజిల్ ఊది, బదులు ఆటగత్తెను రమ్మని సైగ చేశాడు.

షామియానా వెనక జయంతి మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంది. ఆంజినప్ప వీపు నిమురుతూ నీళ్లు పట్టించాడు. సిమ్రాన్ కళ్లు తుడుచుకుంటూ అరుస్తోంది.

"నా సెలెక్షన్ పాడు చేసినావక్కా! నీకు ల్యాకపోతే నాకూ ఉండకూడదా?"

"తిట్టు పాపా. ఎంత తిడతావో తిట్టు," అంది జయంతి నోరు తుడుచుకుని. "రేపటికి గుర్తుంటే మళ్లా తిట్టు."

ఆటోలో ఆసుపత్రికి బయలుదేరారు. పడమటి ఎండ సూటిగా లోపలికి కొడుతోంది. సిమ్రాన్ చేతులు అడ్డం పెట్టుకుని తల్లి భుజంలో ముఖం దాచుకుంది. జయంతి తన నల్లద్దాలు తీసి ఆ అమ్మాయికి పెట్టి, తన కళ్లు గట్టిగా మూసుకుంది.

"అక్కా," సిమ్రాన్ మెల్లగా అంది. "నువ్వెప్పుడొచ్చినావ్?"

షాజాదీ వెక్కిళ్లు వినపడ్డాయి.

"ఇప్పుడే పాపా."

ఆంజినప్ప జేబులోంచి మార్కరు తీశాడు. ఖాళీ గుడ్డసంచి మోకాలి మీద చదునుగా పరిచాడు.

"నిన్న తేదీ ఎంతమ్మా?" షాజాదీని అడిగాడు. "డాక్టరు అడుగుతారు. ఈ బిడ్డకు గుర్తుండదు కదా."

"తొమ్మిదన్నా. అక్టోబరు తొమ్మిది."

ఆటో కుదుపుల మధ్య ఆయన వంకరటింకరగా రాశాడు: సిమ్రాన్, కదిరి, అక్టోబరు 9. దెబ్బలు: ఒకటి.

'ఒకటి' కింద రెండు గీతలు కొట్టి, మార్కరు మూత బిగించాడు.