అవునండీ, లేదండీ

ఇవాళ పొద్దున మా వంటింటికి కిటికీ లేదు. నిన్నటి నాటకంలో మా ఆయన లేదన్నాడు, నేనూ లేదన్నాను. అక్కడ గోడకి సున్నం కూడా సమంగానే ఉంది. పొయ్యి పొగకి కళ్ళు మండుతున్నాయి.

మేం ఆడేది 'మెడలు వంచిన మొగుడు' అనే హాస్య నాటకం. ఆయన మొగుడు, నేను గయ్యాళి పెళ్ళాం. చివరి రంగంలో ఆయన ఉన్నదాన్ని లేదంటాడు. నేను చేతులు కట్టుకుని "అవునండీ, లేదండీ" అనాలి. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మేం ఇంటికెళ్ళేసరికి అది ఉండదు. ఇప్పటికి నా కుట్టుమిషను పోయింది, పెరటి తలుపు పోయింది, మా నాన్న ఫొటోలోంచి మా నాన్న పోయాడు. ఫొటోలో కుర్చీ ఉంది.

ఆయన ఒక్కడూ అంటే ఏమీ పోదు. నేను కూడా అనాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే నా గొంతు బాగుండాలని రోజూ మిరియాల పాలు తనే కాచి ఇస్తాడు.

"ఇవాళ మీ మాణిక్యాన్ని లేదంటా," అంటాడు గ్లాసు అందిస్తూ.

మాణిక్యం నా చెల్లెలు. ఈ మనిషిని వదిలేసి తనతో వచ్చెయ్యమని నన్ను పోరుతోంది. సాయంత్రం నాటకానికి వస్తోంది.

"దాని జోలికెళ్ళకండి."

"నాటకమేగా తాయారూ! అంతమాత్రానికే అరిగిపోతుందా?"

నాకు ఒళ్ళు మండుతుంది. పాలు మాత్రం తాగేస్తాను.

సాయంత్రం మాణిక్యం ముందు వరసలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. చివరి రంగం వస్తుంది. మా ఆయన మీసం మెలేసి అటు చెయ్యి చూపిస్తాడు.

"ఏమే! నీకు చెల్లెలు లేదు. అవునా?"

"అవు..." అలవాటు కొద్దీ సగం మాట వచ్చేస్తుంది. మాణిక్యం చేతులు మోచేతుల దాకా పల్చబడతాయి.

"అక్కా, గింజలు కింద పడిపోతున్నాయే!" అంటుంది.

మిగతా సగం మింగేస్తాను.

"ఉంది," అంటాను. "నా చెల్లెలు ఉంది. నిక్షేపంలా ఉంది."

అంతలో వెనకనుంచి ఎవరో ఆడమనిషి "వన్స్ మోర్!" అని అరుస్తుంది.

జనం అడిగాక మళ్ళీ చెప్పి తీరాలి. స్టేజీ మీద ఎంతటివాడికైనా అదే మర్యాద. మా ఆయన పళ్ళు కొరుకుతూ మళ్ళీ అడుగుతాడు. నేను మళ్ళీ ఉందంటాను. మాణిక్యం చేతులు చిక్కబడతాయి. మళ్ళీ వన్స్ మోర్. ఈసారి ఇంకా చాలామంది.

చివరికి ఆయనకి ఉక్రోషం ఆగదు. పాత్ర మరిచిపోయి అరుస్తాడు.

"అందరూ ఉన్నారు, నేను లేనా? చెప్పవే! నేనున్నానా, లేనా?"

జనం నా వైపు చూస్తున్నారు. ఆయనా చూస్తున్నాడు. పెళ్ళయ్యాక నా మాట కోసం ఆయన ఆగడం ఇదే మొదటిసారి. అమ్మయ్య, ఎంత హాయిగా ఉందో! నాకేం తొందర లేదు.

'లేరండీ' అనబోయి, మాటకి బదులు ఊపిరి వదులుతాను. ఆయన ఉండడు. పంచె, కోటు, మీసం మాత్రం నిలబడి ఉంటాయి. ఊపిరి పీలుస్తాను. ఉంటాడు, చెమటలు కక్కుతూ. "తాయారూ..." అనబోతాడు. వదిలేస్తాను.

హాల్లో ఆడవాళ్ళు ఇది గమనిస్తారు. ఒక్కొక్కరే మెల్లగా ఊపిరి వదులుతారు. పక్క కుర్చీల్లో చొక్కాలు, కళ్ళజోళ్ళు, వెలుగుతున్న సిగరెట్లు మిగులుతాయి. మేమంతా ఒకరినొకరం చూసుకుంటాం. ఎవరమూ ఇంకా ఊపిరి పీల్చుకోము.