అన్నానికి ఎత్తిన చేతులు

"ఇంకా అన్నం తిననివాళ్లు చేతులెత్తండి!"

సభలకు జనాన్ని తోలే కాంట్రాక్టరు విక్రమ్ అలా అనగానే పంజగుట్ట ఫంక్షన్ హాల్లో చేతులన్నీ లేచాయి. కెమెరా తిరుగుతోంది. ఏం సభో చూద్దామని వెళ్లి, వెనక వరసలో కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. సాయంత్రం టీవీలో అవే చేతులు. కింద అక్షరాలు: 'రాజ్యాంగ సవరణకు చిరువ్యాపారుల మద్దతు'.

ఆ సవరణ వస్తే, నగరాభివృద్ధి పేరుతో పార్లమెంటు చేసే ఏ చట్టాన్నీ కోర్టులో ప్రశ్నించకూడదు. మైత్రీవనం ముందు నేను రోజూ తినే రుద్రమ్మ ఇడ్లీ బండి ఇంకా నిలబడి ఉందంటే, బండ్లు తీయించొద్దని కోర్టు ఇచ్చిన స్టే వల్లే.

మర్నాడు బండి దగ్గర ఈ మాట చెబితే, పక్కన పండ్లమ్మే సారయ్య నన్నే అనుమానంగా చూశాడు.

"నువ్వు గ్రూప్స్‌కు చదివే పిల్లవి. రేపు ఆఫీసరయితవు. మాతోని నీకేం పని? ఎవలు పంపిండ్రు నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ. మా క్లాసులోనూ పార్లమెంటుదే పైమాట అంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

రుద్రమ్మ గరిటె పక్కన పెట్టింది. "పిల్లను తర్వాత అనుమానిద్దం. ముందుగాల గా విక్రమ్‌ను అడుగుదం. అన్నం పేరు చెప్పి మన ఒప్పుకోలు గుంజుకున్నడు."

వారం తిరక్కుండానే సోమాజిగూడలో ఇంకో సభ. ఈసారి పిలవనివాళ్లమూ వెళ్లాం. వేదిక మీద న్యాయవాది హనుమత్ప్రసాద్ అడిగాడు:

"పార్లమెంటును ఎన్నుకున్నది మీరు. జడ్జీలను మీరు ఎన్నుకున్నారా? మరి ఎవరి మాట చెల్లాలి?"

హాలు తడబడింది. ఆ మాటలో కొంత నిజముంది. నాకు భయమేసింది అందుకే.

సారయ్య లేచాడు. "సారూ, మేం ఎన్నుకున్నోళ్లే మా బండ్లు ఎత్తుకపోతే ఎవల్ని అడగాలె?"

"ఐదేళ్లకు మళ్లీ ఓటుంది కదా!"

"గప్పటిదాంక పిల్లలకేం పెట్టాలె?"

విక్రమ్ మైకు లాక్కున్నాడు. "మద్దతిచ్చేవాళ్లు చేతులెత్తండి!" ఒక్క చెయ్యీ లేవలేదు. "పోనీ, నీళ్లు కావాల్సినవాళ్లు?" గొంతులెండుతున్నా ఎవరూ ఎత్తలేదు.

రుద్రమ్మ వేదికెక్కింది. "ఆ దినం మేం చేతులెత్తింది అన్నానికి! కెమెరా బంజెయ్యకు తమ్మీ, గిది సుత తియ్యి!"

మైకు మూగబోయింది. సభకు అడ్డుపడిందని పోలీసులు ఆమెను జీపెక్కించారు.

మేం వెనకాలే నడిచాం. స్టేషన్ ముందు సారయ్య నా చెవిలో అన్నాడు: "నువ్వు పో బిడ్డా. కేసయితే కొలువు రాదు."

నేను కదల్లేదు. అతను జరిగి నాకు చోటిచ్చాడు.

లోపలి నుంచి రుద్రమ్మ కేక వినబడింది. "ఓటేసినం గని, నోరు అప్పజెప్పలే!"

ఎస్సై బయటికొచ్చాడు. "ఆమె తరఫు మనుషులెవరు?"

ముందు సారయ్య మెట్టెక్కాడు. ఆ తర్వాత అందరం ఎక్కాం.