పచ్చబొట్టు కింది మచ్చ

అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో క్రైస్తవ మిషను వాళ్ల మందుల బండి తిరుమలగిరికి వచ్చింది. నెల రోజులు వెంట తిరిగి వండిపెట్టే మనిషి కావాలన్నారు. ఎవరూ పోలేదు, నేను పోయాను. నా భర్త బీరన్న అప్పటికి మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు మేతకు పోయాడు. ఆయన ఇంట్లో ఉంటే నన్ను పోనిచ్చేవాడు కాదు.

నేను పోయింది కూలికి కాదు. నా బిడ్డ అండాలుకు అప్పుడు తొమ్మిదేండ్లు. దాని ఎడమ చేతి మీద, మోచేతికి కొంచెం కింద, రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉండేది. అంతకు రెండేండ్ల ముందు స్నానం చేయిస్తూ చూశాను. ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మా ఊరి ఎల్లయ్యకు ఇట్లాంటి మచ్చతోనే పెద్దరోగం, అదే కుష్టు, వచ్చిందని వాగు అవతల గుడిసె వేసి ఉంచారు. సొంత కొడుకులే సట్టిలో అన్నం పోసి, దూరం నుంచి కట్టెతో నెట్టేవాళ్లు. నేను నీళ్లకు పోయినప్పుడల్లా ఆ గుడిసెలో నా బిడ్డే కనిపించేది.

మా గొల్లవాళ్ల ఆడపిల్లలకు పెండ్లికి ముందు చేతుల మీద పచ్చబొట్లు పొడిపించడం ఆనవాయితీ. అండాలుకు ఇంకా ఈడు రాలేదు. అయినా ఎరుకలామెను పిలిపించి, మచ్చ మీద సందు లేకుండా తీగలూ చుక్కలూ పొడవమన్నాను. ఆ సూదికి పిల్లలు వాడంతా లేచేటట్టు ఏడుస్తారు. అండాలు కుడిచేత్తో బెల్లం ముక్క పట్టుకొని చీకుతూ, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లకు ఏం పేరు పెడదామని అడుగుతూ కూర్చుంది. ఎరుకలామె సూది ఆపి నా మొహంలోకి చూసింది. మా పిల్ల మొండిదని చెప్పాను. ఆమె జోలెలో ఇంకో సోలెడు జొన్నలు ఎక్కువ పోశాను.

మచ్చ కనబడకుండా పోయింది. ఎవరూ అడగలేదు.

ఇలాంటి మచ్చలున్న పిల్లలను మిషను వాళ్లు పట్టుకుపోతారని, పోయినవాళ్లు తిరిగి రారని మా వాడలో చెప్పుకునేవాళ్లు. అది నిజమో కాదో నా కళ్లతో చూడాలనే వంటకు ఒప్పుకున్నాను. అండాలును ఎవరి దగ్గరైనా వదలాలంటే భయం. అందుకని వెంట తీసుకుపోయాను.

బండిలో పరదేశపు డాక్టరమ్మ, నల్లగొండ నర్సు శ్యామలమ్మ, బండి నడిపే ఏసోబు. పాలపొడి డబ్బాలకూ మందుల పెట్టెలకూ మధ్య మేమిద్దరం. దేవరకొండ దాటేదాకా నేను ఇనుప కడ్డీ వదలలేదు. టైరు పగులుతుందేమో, వాగు ఇసుకలో దిగబడతామేమో, అడవి దారిలో దొంగలు అడ్డం వస్తారేమో అని దారి పొడుగునా బీరప్పకూ మల్లన్నకూ మొక్కుతూనే ఉన్నాను.

"గుర్వక్కా, మొక్కుడు జర ఆపకు. గీ బండి పెట్రోలుతోని నడుస్తలేదు, నీ భయంతోని నడుస్తాంది" అన్నాడు ఏసోబు. అండాలు పడిపడి నవ్వింది.

ఊరూరా పని ఒకటే. పొద్దున్నే ప్రార్థన చేసుకొని, పిల్లలకు పాలు పోసి, అందరినీ వరుసగా నిలబెట్టి ఒళ్లు చూసేవాళ్లు. మచ్చ ఉంటే కళ్లు మూసుకోమని, దూదిపోచతో తాకి, ఎక్కడ తాకిందో వేలుపెట్టి చూపమనేవాళ్లు. చూపలేకపోతే అది పెద్దరోగం మచ్చేనట. నేను పొయ్యి దగ్గర కూర్చొని ఆ వేళ్లనే చూసేదాన్ని. అండాలుకు మణికట్టు దాకా చేతుల రవిక కుట్టించాను. వంటామె బిడ్డను చూడాలని ఎవరికీ తోచలేదు.

కల్వకుర్తి దాటాక ఒక ఊళ్లో హనుమమ్మ అనే కూలి మనిషి కొడుకు వీపు మీద మచ్చ దొరికింది. ఆమె శ్యామలమ్మ కాళ్ల మీద పడి ఏడ్చింది. ఇక పిల్లవాడిని బండెక్కిస్తారనుకున్నాను. శ్యామలమ్మ ఆమెను లేపి, పొట్లం కట్టిన తెల్ల గోలీలు చేతికిచ్చింది. ఇంట్లోనే ఉంచుకోమంది, బడికి పంపమంది, నెల నెలా మందు ఇవ్వడానికి మనిషి వస్తాడని చెప్పింది. అంతే. పిల్లవాడు మూతి తుడుచుకొని ఆటకు పోయాడు.

ఆ పూట పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏదో ఒక కీడు జరుగుతుందనే ఎదురుచూసిన దాన్ని, ఆ ఒక్క పూట మంచి జరుగుతుందని నమ్మాను. గిన్నెలు కడిగి, అండాలును డాక్టరమ్మ ముందుకు తీసుకుపోయి రవిక చేయి పైకి మడిచాను.

"దీని కింద మచ్చున్నదమ్మా. మా పొల్లకు గూడ గా తెల్ల గోలీలే ఇయ్యుండ్రి" అన్నాను.

డాక్టరమ్మ పచ్చబొట్టును ఎక్కువసేపు చూడలేదు. మోచేతి వెనక నరాన్ని తడిమింది. అది తాడులా ఉబ్బిందట. వేళ్లు చాపమంది. అండాలు చాపింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ సగంలోనే ఆగిపోయాయి. ఆ వేళ్లను నేను రోజూ చూస్తున్నాను, రొట్టె తుంచేటప్పుడు, జడ అల్లుకునేటప్పుడు. ముడుచుకోవడం దాని అలవాటని నాకు నేను చెప్పుకున్నాను.

డాక్టరమ్మ చెప్పినదంతా విని శ్యామలమ్మ నా వైపు తిరిగింది.

"మచ్చ ఎన్నడు చూసినవ్, గుర్వమ్మా?"

"రెండేండ్లాయె."

"అప్పుడే చెప్పుంటే గా పిలగాని తీర్గనే ఇంట్లుండి గోలీలేసుకునేది. ఇప్పుడు దవాఖానల ఉండాలె. ఏడాదో, రెండేండ్లో. వేళ్లు మల్ల సాపుగైతయని నేను చెప్పలేను."

అండాలు అంతా విన్నది. "సూది తెలుస్తలేదని నీ చెవుల చెప్పిన గదనే అమ్మా. సప్పుడు చెయ్యకన్నవ్" అంది. కోపంగా అనలేదు. మరచిపోయానేమో అని గుర్తుచేసినట్టు అంది.

నిజమే. సప్పుడు చెయ్యకని నేనే అన్నాను.

పాలమూరు వైపు ఉన్న ఆ దవాఖానకు ఒక పగలంతా ప్రయాణం. వరండాలో పిల్లల మంచాలు వరుసగా ఉన్నాయి. తల్లులు ఉండడానికి జాగా లేదని, నెలకొకసారి వచ్చి చూడొచ్చని చెప్పారు. అండాలు పక్క మంచం పిల్లను పేరేమిటని అడిగింది. నేను పోయొస్తానంటే తల ఊపింది.

"బాపుకు నువ్వే చెప్పాలె" అంది.

బీరన్న తొలకరికి మందతో తిరిగొచ్చాడు. నీళ్లు తాగకముందే బిడ్డేదని అడిగాడు. చెప్పాను. మచ్చ సంగతీ, ఎరుకలామె సంగతీ, చెవిలో చెప్పిన మాటా, ఏదీ దాచలేదు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. తెల్లారి నన్ను రమ్మనకుండానే బస్సెక్కి పోయాడు.

మూడో రోజు వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నేను ఒక్కొక్కటే అడిగాను. బువ్వ తింటుందట. చేతికి రోజూ నూనె రాసి రుద్దుతున్నారట. వేళ్లు అట్లనే ఉన్నాయట. మందను అడిగిందట, నాయనమ్మను అడిగిందట, వానలు పడ్డాయా అని అడిగిందట.

"నన్ను అడిగిందా?" అన్నాను.

"అడగలె" అన్నాడు.

నేను లేచి ఆయనకు అన్నం పెట్టాను.