ముక్కున్న బండి

పాప ఒక్కసారి దగ్గితే చాలు, ఆ తల్లి ఆలోచనలు ఊరంతా తిరిగి వచ్చేవి. అందుకే అత్తగారు కోడలికి కంగారమ్మ అని పేరు పెట్టింది. పెట్టి ఊరుకుందా, కూరగాయలవాడి ముందు కూడా అలాగే పిలిచేది.

అయితే ఈసారి కంగారు ఊరికే పుట్టలేదు. వాళ్ల ఇల్లు మామగారి మెకానిక్ షెడ్డు మీదే. పడకగది కిటికీ కింద ఆయన పాత మోటారుసైకిలు ఉండేది. పొద్దున్నే దాన్ని కిక్కు కొట్టి, తను టీ తాగడం పూర్తయ్యేదాకా అక్కడే గుడగుడలాడించేవాడు. "దీనికీ ఒళ్లు వేడెక్కాలమ్మా, నాలాగే" అనేవాడు. ఆ పొగ గోడ పట్టుకుని పైకెక్కి, తిన్నగా ఉయ్యాల దగ్గరికి వచ్చేది. పాపకి పిల్లికూతలు మొదలయ్యాయి.

డాక్టరమ్మ విని, "ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా?" అని అడిగింది.

"మనుషులెవరూ కాల్చరండీ. బండి కాలుస్తుంది" అంది కంగారమ్మ.

ఆ సంగతి మామగారితో చెప్పడానికి ఆమె ఎన్నిసార్లు గొంతు సవరించుకుందో! చివరికి చెప్తే ఆయన నవ్వేశాడు. "దీనికింత మొహమాటమా! అమ్మేద్దాంలే" అన్నాడు. అన్నాడు గానీ, ఆ సాయంత్రం పాత బనీను ముక్కతో పెట్రోలు ట్యాంకు తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మెట్ల మీంచి చూసిన కంగారమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

ఆమె భర్త బట్టల కొట్లో గుమాస్తా. కొత్త బండి తెచ్చి, షోరూములో విన్నదంతా భోజనాల దగ్గర ఒప్పజెప్పాడు.

"నాన్నా, నీ బండి తయారైనప్పటి రూలు వేరట. అప్పట్లో అంత పొగ వదిలినా ఫరవాలేదనేవారట. ఇప్పుడు అందులో పిసరంత కూడా ఒప్పుకోరట. అందుకే దీని పొగగొట్టంలో సెన్సరని ఒకటి పెట్టారు. అది దీని ముక్కు అనుకో. తన పొగ తనే వాసన చూసుకుని పెట్రోలు తగ్గించుకుంటుంది."

"ముక్కా?" మామగారు ముద్ద ఆపేశాడు. "ఇన్నేళ్లూ నా ముక్కుతోనే ఊరి బండ్లన్నీ సరిచేశాను. నేనుండగా దీనికి వేరే ముక్కెందుకురా?"

"మీ ముక్కు గొప్ప నాకు తెలీదా! మొన్న పక్కనే కూర మాడిపోతుంటే పేపరు చదువుకున్నారు" అంది అత్తగారు.

కొత్త బండి కిటికీ కిందికి వచ్చింది. పాతది, కొనేవాడు దొరికేదాకా, వీధి చివర గోడ పక్కకి పోయింది. కొన్నాళ్లు పాప హాయిగా నిద్రపోయింది. కంగారమ్మ కూడా, పాపం, కాస్త ఒళ్లు చేసింది.

తర్వాత దగ్గు మళ్లీ వచ్చింది.

మందు మార్చారు. దుప్పటి మార్చారు. కిటికీకి తడిగుడ్డ కట్టారు. ఒక పొద్దున, భర్త పనికి బయల్దేరబోతూ కొత్త బండి స్టార్టు చేసి ఫోను మాట్లాడుతున్నాడు. తీగ మీద పాప గుడ్డలు ఆరేస్తున్న కంగారమ్మ ముక్కుకి ఘాటుగా ఏదో తగిలింది. వత్తి మరీ పైకి లాగిన కిరసనాయిలు దీపం లాంటి వాసన. ఆమె గబగబా కిందికి దిగి, ఉతికిన తెల్లగుడ్డ ఒకటి పొగగొట్టం మూతి దగ్గర పట్టుకుంది. గుడ్డ మీద నల్లగా మసి దిగింది. ఇంకో గుడ్డ తీసుకుని మామగారిని వీధి చివరికి లాక్కెళ్లింది. ఆయన పాత బండి కిక్కు కొట్టాడు. ఆ గుడ్డ మీద పలచటి బూడిదరంగు, అంతే.

రెండు గుడ్డలూ పక్కపక్కన పట్టుకుని ఆమె నివ్వెరపోయింది. "మామయ్యా, అనవసరంగా మీ బండిని ఆడిపోసుకున్నాను. పాతదే నయం. దాన్ని అమ్మకండి."

ఒక్క క్షణం ఆయన చెయ్యి బండి సీటు మీదికి పోయింది. అవునమ్మా అంటే చాలు, బండి ఆయనదే. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాదే అమ్మాయ్. గుడ్డకి అంటేది మసి ఒక్కటే. రంగూ వాసనా లేని విషం ఇంకోటి ఉంటుంది, అది ఏ గుడ్డకీ అంటదు. దాన్ని పట్టుకునే సరంజామా నా బండికి లేదు. దాని కాలంలో పట్టుకోమని ఎవరూ అడగలేదు కూడా. ఇదిగో, తప్పంతా నాది. రా చూపిస్తాను."

షెడ్డు ముందు ఆయన కొత్త బండి మీటరు మీంచి నల్ల టేపు ముక్క పీకాడు. దాని కింద పసుపు లైటు వెలుగుతోంది.

"నువ్వూ పాపా వెనక కూర్చుంటే ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతోందని, తిండి చాలడం లేదేమో అనుకున్నా. ఆ ముక్కే పెట్రోలు తగ్గించి దీని కడుపు మాడుస్తోందని దాని వైరు పీకేశా. వెంటనే ఈ లైటు వచ్చింది. నువ్వు చూస్తే కంగారు పడతావని టేపు అంటించా."

"నా కంగారు తగ్గించడానికా!" ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. భర్త వైపు తిరిగింది. "రోజూ నడిపేది మీరేగా, ఈ టేపు కనపడలేదా?"

"నాన్న అంటించాడంటే ఏదో కారణం ఉంటుందనుకున్నా" అన్నాడతను నేల చూపులు చూస్తూ.

మెట్ల మీంచి అత్తగారు అందుకుంది. "చూశారా, ఇంట్లో పనిచేసే ముక్కు కంగారమ్మదొక్కటే!"

మామగారు వైరు తగిలించి, బండిని అటూ ఇటూ తిప్పి తెచ్చేసరికి లైటు ఆరిపోయింది. పాత బండిని ఆయన అమ్మలేదు. మెకానిక్ పని నేర్పే బడికి ఇచ్చేశాడు. "అక్కడ దాన్ని విప్పుతారు, బిగిస్తారు. ముద్దు చేసేవాళ్లకి లోటుండదు" అని తనకి తనే చెప్పుకున్నాడు.

ఇప్పుడు కొత్త బండినీ కిటికీ కింద స్టార్టు చెయ్యరు. పొద్దున్నే మామగారు వీధి చివరిదాకా తోసుకెళ్తాడు. వెనకే పాపని ఎత్తుకుని కంగారమ్మ. ఆయన తాళం తిప్పగానే, బండి స్టార్టయ్యేదాకా, మామూలుగానే పసుపు లైటు వెలుగుతుంది.

"ఏదమ్మా, ఉఫ్!" అంటాడు.

పాప బుగ్గలు నిండా గాలి పట్టి, ఉఫ్ అని ఊదుతుంది. ఆయన సరిగ్గా అప్పుడే స్టార్టు బటను నొక్కుతాడు. లైటు ఆరిపోతుంది. తనే ఆర్పానని పాప చప్పట్లు కొడుతుంది. ఆ ఊపిరిలో ఎక్కడైనా పిల్లికూత వినపడుతుందేమోనని వాళ్లమ్మ మాత్రం రోజూ చెవి ఒగ్గి వింటుంది. వినపడదు. అయినా మర్నాడు మళ్లీ వింటుంది.