ఏ పచ్చ?

రండి, ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మూల గుసగుసలు కాస్త కట్టిపెట్టండి. మధ్యలో దగ్గొస్తే మింగేయండి.

అనగనగా ఒక డాక్టరమ్మ. ఆవిడ కోపం ఎంతటిదంటే, ఆవిడ వస్తోందని తెలిస్తే లిఫ్టు కూడా భయపడి తలుపులు మూసుకునేది. ఆ రోజు ఆవిడ ఆపరేషన్ బల్ల మీద ఒక బస్సు కండక్టరు మత్తులో పడుకుని ఉన్నాడు. అన్నం దిగే గొట్టంలో క్యాన్సర్. పొద్దున్నుంచి కష్టపడి ఆ గొట్టం తీసేసింది. కడుపుసంచినే సన్నగా కోసి, కుట్టి, కొత్త గొట్టంలా తయారుచేసింది. ఇక దాన్ని మెడదాకా లాగి పైముక్కతో కలపాలి.

చిక్కంతా ఆ గొట్టం కొసతోనే. అక్కడిదాకా రక్తం అందకపోతే కుట్టు కుళ్ళి కారుతుంది, మనిషి దక్కడు. పోనీ అని ఎక్కువ కోసేస్తే మెడకు చాలదు.

"బాగానే ఉందమ్మా, ఎర్రగా నిగనిగలాడుతోంది," అన్నాడు చిన్న డాక్టరు.

"నీ కంటికి అన్నీ నిగనిగలే. రంగుమందు ఎక్కించండి."

ఆ మందు నరంలోకి ఎక్కిస్తే, రక్తం పారిన చోటల్లా కెమెరా తెర మీద ఆకుపచ్చగా మెరుస్తుంది. అది సరిగ్గా కనిపించాలంటే గదిలో దీపాలు ఆర్పాలి.

"లైట్లు!" అంది. సిస్టరు ఒకటి ఆర్పి ఇంకోటి వేసింది.

"ఆర్పమంటే వేస్తావేంటే తల్లీ!"

అదీ ఆరేసరికి ఎవరో తలుపు తీసి, వరండా వెలుతురంతా లోపలికి ఒంపేశాడు. "మేడం, మధ్యాహ్నం కేసు ఉంటుందా, ఉండదా?"

"ముందు నువ్వు ఉంటావా, ఉండవా?" ఆ అరుపుకి తలుపు దానంతటదే మూసుకుంది.

చీకటి. డాక్టరమ్మ గొట్టం జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఉంది. తెర చూస్తే ఆవిడ వీపు వెనక.

"పచ్చ వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చిందమ్మా! కొండలెక్కి దిగుతోంది," అన్నాడు మత్తు డాక్టరు, రోగి తల దగ్గర్నుంచి.

కుట్టబోయిన ఆవిడ ఆగింది. కడుపులో కొండలేమిటి?

"ఏ పచ్చ బాబూ?"

"గుండె గీత. మా తెర మీద పచ్చంటే అదే కదమ్మా!"

"నేనడిగింది కడుపు పచ్చ! తిప్పండి ఆ కెమెరా తెర ఇటు!"

తిప్పారు. పచ్చ కింది నుంచి పాదులా పాకి పాకి, కొసకి రెండు వేళ్ళ ఇవతలే ఆగిపోయింది. నిగనిగలాడిన కొస తెర మీద బొగ్గులా నల్లగా ఉంది. ఆవిడ ఆ నల్లముక్క కోసేసి మిగిలింది పైకి లాగింది. మెడకు అందీ అందనట్టు అందింది. ఊపిరి బిగబట్టి కుట్టేసింది.

బయటికొచ్చి కండక్టరు భార్యతో, "గండం గడిచిందమ్మా. మీ ఆయనకి లోపలంతా పచ్చగా వచ్చింది," అంది.

ఆ ఇల్లాలు బెంచీ మీద కూలబడింది. "అయ్యో దేవుడా, పచ్చకామెర్లు కూడానా!"

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "అది పసుపుపచ్చ తల్లీ! నేను చెప్పేది ఆకుపచ్చ! లైట్లార్పితే లోపల మెరిసే పచ్చ! రక్తం బాగా పారుతోందని అర్థం! పొద్దున్నుంచి ఈ పచ్చతో చస్తున్నా!"

ఆ ఇల్లాలు కళ్ళు తుడుచుకుంటుంటే, పక్క బెంచీ మీద కాలికి కట్టుతో కూర్చున్న పెద్దమనిషి ముందుకు వంగాడు.

"అయితే అక్కా, ఇక మీ ఇంట్లో కరెంటు పోయినా దిగుల్లేదు. బావగారిని తెచ్చి హాల్లో నిలబెట్టండి, చాలు!"